గోడకు అంటించిన ఫారం

దరఖాస్తుల కాలం వచ్చిందంటే ఆ జిరాక్స్ షాపు తలుపు తీయకముందే బయట లైను మొదలయ్యేది. షాపు వెడల్పు పదడుగులు. ఎడమవైపు కౌంటరు, కుడివైపు రెండు మిషన్లు. మధ్యలో ఉన్న సందులో ఒక మనిషి పక్కకు తిరిగితే తప్ప నడవలేడు. ఆ సందు చివర కిటికీ పక్కన, ఎత్తు స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చునేది. లైనులో సగం మంది వచ్చేది ఆ అమ్మాయి కోసమే.

ఆమె ఫారాలు నింపేది. అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా, ఒక్కొక్క గడిలో ఒక్కొక్కటి పొందిగ్గా కూర్చునేవి. ముత్యాల్లా ఉన్నాయని ఎప్పుడో ఎవరో కుర్రాడు అన్నాడు. షాపు యజమానురాలు ఆ మాట పట్టుకుని ఆమెను ముత్యం అని పిలవడం మొదలుపెట్టింది. వీధి మొత్తానికీ అదే పేరైంది. అసలు పేరు రేషన్ కాగితాల్లో, బడి సర్టిఫికెట్లలో, షాపు గోడ మీద మాత్రం మిగిలింది. గోడ మీదికి ఎలా వచ్చిందో తర్వాత చెప్తాను.

విద్యా రుణం ఫారం పన్నెండు పేజీలు. ముత్యం దాన్ని పద్దెనిమిది నిమిషాల్లో ముగించేది. తండ్రి ఆదాయం ఎంత అనగానే జనం నీళ్లు నమిలేవారు. తల్లి పుట్టిన తేదీ దగ్గర ఇంటికి ఫోన్లు చేసేవారు. సొంతిల్లా అద్దెదా అని అడిగితే వెనకవాళ్లకు వినబడుతుందని గొంతు తగ్గించేవారు. ఆమె ఎవరి మొహంలోకీ చూసేది కాదు. తల వంచుకుని రాసుకుపోయేది. అప్పు కోసం వచ్చినవాళ్లకు ఆ వంచిన తల ఎంత ఊరటో ఆమెకు తెలుసు.

ఆమె దగ్గర ఒక గీతల నోటుబుక్కు ఉండేది. ఎవరు ఏ గడిలో తప్పు చేసి తెచ్చారో అందులో అడ్డగీతలతో గుర్తు పెట్టుకునేది. ఏ గడిలో తప్పులు ఎక్కువ, మగవాళ్లు ఎక్కడ తడబడతారు, ఆడవాళ్లు ఎక్కడ, తండ్రి వెంట వచ్చినవాళ్లు ఎన్ని తప్పులు చేస్తారు, ఒంటరిగా వచ్చినవాళ్లు ఎన్ని. ఎవరూ చెయ్యమన్న పని కాదు. నాలుగేళ్లలో నాలుగు నోటుబుక్కులు నిండాయి. ఇలాంటి లెక్కలకు గణాంక శాస్త్రమని పేరుందనీ, విశ్వవిద్యాలయంలో దాన్ని మూడేళ్లు చెబుతారనీ ఒక దరఖాస్తు నింపుతుండగానే ఆమెకు తెలిసింది. దరఖాస్తు వేరేవాళ్లది. ఆ రోజు నుంచి ఆమెకు అదే ధ్యాస.

షాపు పెద్దమ్మది. అంటే ముత్యం వాళ్ల అమ్మకు సొంత అక్క. లావుపాటి మనిషి, గట్టి గొంతు. లైనులో విసిగిపోయినవాళ్లను నవ్వించి నిలబెట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. పాత ఫొటో అంటించుకొచ్చిన ఒకడితో, "నాయనా, ఇందులో ఉన్నది నువ్వా, మీ నాన్నా? అప్పు ఎవరికివ్వాలో బ్యాంకు వాళ్లకి తెలియొద్దూ?" అనేది. వాడూ నవ్వేవాడు, కొత్త ఫొటోకు డబ్బులూ ఇచ్చేవాడు.

ముత్యం తొమ్మిదో తరగతిలో ఉండగా తండ్రి పోయాడు. పెద్దమ్మే వచ్చి సామాను సర్దించి, తల్లీకూతుళ్లను షాపు పైనున్న గదిలోకి తెచ్చుకుంది. అద్దె తీసుకోలేదు. తల్లి ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో చేరింది. ముత్యం బడి ముగించగానే స్టూలెక్కింది. మమ్మల్ని కడుపులో పెట్టుకుని చూసుకుందని తల్లి తన అక్క గురించి రోజుకోసారైనా అనేది. అది అబద్ధం కాదు. తర్వాత జరిగినదాన్ని మింగడం కష్టమైంది కూడా అందుకే.

ఇక గోడ సంగతి. మొదటి ఏడు లైను మరీ పొడుగైతే, తమంతట తాము నింపుకోగలిగినవాళ్లు చూసి రాసుకుంటారని పెద్దమ్మ ఒక నమూనా ఫారం గోడకు అంటిద్దామంది. ఎవరి వివరాలతో నింపాలి? దొంగ వివరాలు రాస్తే అంకెలు కుదరవు, పుట్టిన ఏడుకూ బడి ముగిసిన ఏడుకూ పొంతన ఉండదు, జనం అవే తప్పులు ఎక్కించుకుంటారు. వచ్చినవాళ్ల వివరాలు గోడకెక్కించడం తప్పు. అందుకని ముత్యం తన వివరాలే రాసింది. దూరం నుంచి కనబడాలని అక్షరాలు మామూలు కంటే రెట్టింపు లావుగా రాసింది. ఊళ్లోవాళ్లందరికీ తన నంబరు తెలియడం ఇష్టంలేక ఫోను గడిలో షాపు నంబరు వేసింది. చిరునామా దగ్గర కూడా షాపుదే. సంస్థ పేరు ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి కాబట్టి ఆ గడి వదిలేసింది. సంతకం గడీ ఖాళీగానే ఉంచింది.

ఆ ఏడాది ఏడు ఫారాలు బ్యాంకు నుంచి వెనక్కి వచ్చాయి. ఏడింటిలోనూ సంతకం లేదు. గోడ మీద లేదు కాబట్టి పెట్టలేదన్నారు జనం.

"చూశావా, నువ్వు పెట్టకపోతే వాళ్లూ పెట్టరు," అంది పెద్దమ్మ. "పెట్టెయ్, ఏం పోతుంది? గోడకి అప్పిస్తారా?"

నవ్వుకుంటూ పెట్టింది ముత్యం. రెండో ఏటి నుంచి నమూనాలో ఆమె అసలు సంతకమే ఉండేది. కిటికీ ఎండకు సిరా రెండు నెలల్లో వెలిసిపోయేది. అందుకని ప్రతి ఏడూ రెండు ప్రతులు రాసేది. ఒకటి గోడకు, ఒకటి సొరుగులో. మూడేళ్ల కిందట వెలిసినదాన్ని పీకి కొత్తది అంటిద్దామని సొరుగు తీస్తే రెండో ప్రతి లేదు. దాని మీద టీ ఒలికింది, పారేశానంది పెద్దమ్మ. ముత్యం మళ్లీ ఒకటి రాసింది. అంతటితో మరిచిపోయింది.

అదే ఏడు షాపులోకి కొత్త మిషన్ వచ్చింది. రంగుల్లో తీసేది, నిమిషానికి అరవై కాగితాలు ఉమ్మేది, ముందు పచ్చ దీపం వెలిగేది. పాతది అంతకు నెల ముందే చచ్చి కూర్చుంది. అప్పు దొరికిందంది పెద్దమ్మ. ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. ప్రతి పొద్దునా ఆ మిషన్ గాజును మెత్తటి గుడ్డతో తుడిచే పని ముత్యానిది. పాపలా చూసుకునేది దాన్ని.

చదువు మాట ఎత్తినప్పుడల్లా పెద్దమ్మ కాదనలేదు. వచ్చే ఏడు అంది. ఒక ఏడు సీట్లు తగ్గాయంది. ఒక ఏడు వడ్డీలు పెరిగాయంది. మరో ఏడు మీ అమ్మకు నడుం నొప్పి, ఈ టైములో వదిలి వెళ్తావా అంది. ప్రతి మాటా నిజమే. సీట్లు నిజంగానే తగ్గాయి, వడ్డీలు నిజంగానే పెరిగాయి. తన కోసమే ఆలోచిస్తోందనుకుంది ముత్యం. ఏటా వందల మంది చేత విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టించి, తను మాత్రం స్టూలు దిగలేదు.

ఈ ఏడు ఎవరికీ చెప్పకుండా పెట్టింది. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు తన ఫారం తనే, లావు అక్షరాలతో కాకుండా మామూలుగా నింపుకుంది. పన్నెండో పేజీ దగ్గర పెన్ను కింద పెట్టి కాసేపు కిటికీలోంచి చూసింది. ఇంటర్వ్యూలో గణాంక శాస్త్రమే ఎందుకని ప్రొఫెసరు అడిగితే సంచీలోంచి నాలుగు నోటుబుక్కులు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన మొదటిది తిరగేసి, రెండోది తిరగేసి, పక్కన కూర్చున్నావిడకు ఇచ్చాడు. తర్వాత ఇంకేమీ అడగలేదు. రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. ఇరవయ్యో తేదీలోగా మొదటి విడత ఫీజు కట్టాలి.

పెద్దమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. ముత్యాన్ని దగ్గరికి తీసుకుని నెత్తి మీద ముద్దు పెట్టింది. "మన వంశంలో ఇంతదాకా ఎవరొచ్చారే!" అంది. కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, లోన్ సంగతి తొందరపడకు, బ్యాంకుకు నేనే వెళ్లి మాట్లాడతానంది. రోజూ వెళ్తాననేది. వెళ్లేది కాదు. అయిదో రోజున ముత్యమే వెళ్లింది.

బ్యాంకు వీధికి అవతలి వైపే. లోన్ల ఆఫీసరు ఏడాది కిందట బదిలీ మీద వచ్చినవాడు. బట్టతల, అద్దాలు, మెడలో గుర్తింపు కార్డు. ఫారం తప్పులతో వచ్చినవాళ్లందరినీ ఎదురు షాపులో ముత్యం దగ్గరికి పొమ్మనేవాడు తప్ప ముత్యాన్ని దగ్గరగా చూడటం అదే మొదలు. లేచి కుర్చీ చూపించాడు. ఆమె నింపిన ఫారం తిప్పి చూసి మెచ్చుకున్నాడు. కంప్యూటరులో ఏదో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ పేరు మీద ఒక విద్యా రుణం ఉందమ్మా," అన్నాడు. "మూడేళ్ల కిందటిది. వాయిదాలు కొన్ని కట్టారు, గత మూడు నెలలుగా రావట్లేదు. ఫోన్ చేస్తే పెద్దావిడ ఎవరో ఎత్తి మీరు ఊళ్లో లేరంటున్నారు."

ముత్యం తనదై ఉండదంది. పేరు కలిసి ఉంటుందంది. అలాంటి కేసులు షాపులో రెండు చూసింది, వాటికి ఏ కాగితం పెట్టాలో కూడా ఆయనకు చెప్పింది. ఆయన పాత ఫారం ప్రింటు తీసి ఆమె ముందు పెట్టాడు.

చూడగానే తెలిసింది. రెట్టింపు లావు అక్షరాలు. గోడ కోసం తప్ప ఆమె ఎక్కడా అలా రాయదు. సొరుగులోంచి పోయిన ప్రతి అది. దాని మీద టీ ఒలకలేదు. ఖాళీగా వదిలిన సంస్థ పేరు గడిలో ఎవరో సన్నటి చేత్తో ఒక కంప్యూటరు శిక్షణ సంస్థ పేరు రాశారు. ఎవరో ఏమిటి, బిల్లుబుక్కులో రోజూ చూసే పెద్దమ్మ రాతే. ఆ సంస్థ కరపత్రాలు ఈ షాపులోనే అచ్చు వేయించేది, బిల్లులు ఎగ్గొట్టేది, రెండేళ్లకే బోర్డు దించేసింది. ఆఫీసరు వివరంగా చెప్పాడు. అప్పట్లో ఆ సంస్థ నలభై ఫారాలు ఒకే కట్టగా తెచ్చిందట. పాత ఆఫీసరు ఒక్కరినీ పిలవకుండా సంతకాలు చూసి పంపేశాడట. డబ్బు సంస్థ ఖాతాలో పడింది. అక్కడి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో బ్యాంకుకు తెలియదు. ముత్యానికి కొత్త మిషన్ పచ్చ దీపం కళ్ల ముందు వెలిగింది.

"ఈ సంతకం మీది కాదా?" అన్నాడాయన.

"నాదే సార్," అంది.

ఆయన పేజీ తిప్పాడు. చివరి పేజీలో, హామీ ఇచ్చేవారి గడిలో ఇంకో సంతకం ఉంది. ముత్యం దాన్ని చాలాసేపు చూసింది. మొదటి అక్షరం తల మీద ఒక వంకీ, ఇస్త్రీపెట్టె పిడిలా.

ఆ వంకీ నేర్పింది తనే. తండ్రి పోయాక కాగితాల మీద తల్లి వేలిముద్రలు వేస్తుంటే, గుమాస్తాలు ఆ వేలిని పట్టుకుని సిరాలో అద్దుతుంటే, పద్నాలుగేళ్ల ముత్యానికి తల కొట్టేసినట్టయింది. నెల రోజులు కూర్చోబెట్టి సంతకం నేర్పింది. మొదటి అక్షరం ఎంతకీ గుర్తుండకపోతే, ఇస్త్రీపెట్టెకు పిడి పెట్టమ్మా అని చెప్పింది. తల్లికి చదవడం రాదు. ఆ ఒక్క సంతకం మాత్రం వచ్చు.

ఆఫీసరు మెల్లగా చెప్పుకొచ్చాడు. పాత అప్పు ఉండగా కొత్తది రాదు. మోసం జరిగిందని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే పదహారో తేదీన విచారణ పెట్టగలడు. హామీ సంతకం చేసిన మనిషి వచ్చి, ఇది అమ్మాయికి తెలియకుండా జరిగిందని చెబితే చాలు. పాతదాన్ని పక్కన పెట్టి కొత్తది నాలుగు రోజుల్లో ఇప్పించే పూచీ తనది. ముత్యం అక్కడే కూర్చుని ఫిర్యాదు రాసి ఇచ్చింది. ఒక్క కొట్టివేత కూడా లేదు.

షాపుకు వచ్చేసరికి పెద్దమ్మ మిషన్లో కాగితాలు పెడుతోంది. ముత్యం ప్రింటు తీసి ఆ గాజు మీద పరిచింది. పెద్దమ్మ బుకాయించలేదు. కాగితం వంక చూసి, తలుపు ఓరగా వేసి వచ్చింది.

"నీ పేరు వాడుకున్నాను. నీ పొట్ట కొట్టలేదుగా," అంది. "ఆ ఏడు పాత మిషన్ చచ్చింది గుర్తుందా? షాపు మూస్తే మీరిద్దరూ ఎక్కడికి పోయేవాళ్లు? నాకు ఏ బ్యాంకూ ఇవ్వనంది. చదువుకునే పిల్లకైతే ఇస్తారు."

"నేను చదువుకోవట్లేదుగా పెద్దమ్మా."

"నేననేదీ అదేనే. ఎలాగూ అప్పటికి నువ్వు చదవట్లేదు. ఖాళీగా ఉన్న పేరు."

పెద్దమ్మ ఆగలేదు. వాయిదాలు తనే కట్టానంది, కాస్త వ్యాపారం పడిపోయి మూడు ఆగాయంది, తీర్చేసేదాన్నేనంది, తీరాక నీకు తెలిసేదే కాదంది. ఏటా వచ్చే ఏడు అన్నావెందుకని అడిగితే, "తీరనిచ్చి పంపుదామనే కదా," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో దొంగతనమేమీ లేదు. నిజంగానే మంచి చేశాననుకుంటోంది. ఫిర్యాదు ఇచ్చి వచ్చానని ముత్యం చెప్పాకే ఆవిడ మొహం మాడింది. "పైన గదిలో పడుకుంటూ కిందున్నదాన్ని పట్టిస్తావన్నమాట," అంది. ఆ తర్వాత ఆ రోజంతా ముత్యంతో మాట్లాడలేదు. జనంతో జోకులు మాత్రం మామూలుగానే వేసింది.

తల్లి సాయంత్రం లాండ్రీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ముత్యం తువ్వాలు అందించి అడిగింది. సంతకం పెట్టేటప్పుడు నీకు తెలుసా?

"అప్పుడు తెలీదు," అంది తల్లి. "నీ కాలేజీకి కాగితాలంది అక్క. సంబరపడి పెట్టాను."

"తర్వాత?"

తల్లి తువ్వాలును నాలుగు మడతలు వేసింది. మళ్లీ విప్పి, అంచులు కలిపి మడిచింది. మరుసటి ఏడు తెలిసిందంది. బ్యాంకు నుంచి ఉత్తరం వస్తే అక్కే చెప్పిందట.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే నువ్వూరుకుంటావా? నిలదీస్తావు. నిలదీస్తే అక్క మనల్ని పొమ్మంటుంది. పోతే ఎక్కడికే?"

రెండేళ్లు. రెండేళ్లుగా ప్రతి రాత్రీ తను నోటుబుక్కులు ముందేసుకుని విశ్వవిద్యాలయం గురించి చెబుతుంటే ఈ మనిషి పక్కన పడుకుని ఊఁ కొట్టింది. ముత్యం కోపాన్ని దిగమింగింది. ఇప్పుడు కోప్పడే తీరిక లేదు, తేదీలున్నాయి. విచారణ ఎప్పుడో, అక్కడ ఏమడుగుతారో, ఏం చెప్పాలో విడమరిచి చెప్పింది. గది పోతే పోయింది, హాస్టల్లో మంచం దొరికేదాకా లాండ్రీ పక్కన ఎక్కడైనా తలదాచుకుందామంది. తల్లి అన్నీ విని, ఉన్నదే చెబుతానంది. కూతురి చెయ్యి పట్టుకుని మరీ అంది. నిజం చెప్పడానికి నాకేం భయమని కూడా అంది.

పదహారో తేదీన ముగ్గురూ ఒకేసారి వీధి దాటారు. ముందు పెద్దమ్మ, వెనక తల్లి, ఆ వెనక ముత్యం. ఆఫీసరు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడన అప్పుల గురించి ఒక క్యాలెండరు. పై ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి రాసుకుంటోంది. పెద్దమ్మను ముందు అడిగారు. అమ్మాయే చదువుకుంటానని ఫారం నింపిందని, కోర్సు నచ్చక మానేసిందని, ఇప్పుడు పెద్ద కాలేజీలో సీటు రాగానే ప్లేటు ఫిరాయించిందని గడగడా చెప్పింది. చేతిరాత ఎవరిదో చూడండి, సంతకం ఎవరిదో చూడండి అంది. ముత్యం అదంతా ఊహించిందే. ఆమె తల్లినే చూస్తోంది.

పై ఆఫీసు ఆవిడ ప్రింటును తల్లి ముందుకు జరిపింది. "ఈ సంతకం మీదేనాండీ?"

"నాదేనండీ."

"అప్పు తీసుకున్న సంగతి అప్పుడు మీ అమ్మాయికి తెలుసా?"

తల్లి బొటనవేలి మీద పాత కాలిన మచ్చ ఒకటుంది. దాన్ని రెండో చేత్తో రుద్దుకుంటూ కూర్చుంది. పెద్దమ్మ క్యాలెండరు వంక చూస్తోంది.

"తెలుసండీ," అంది తల్లి.

రాసుకుంటున్నావిడ తలెత్తి, సరిగ్గా విన్నానో లేదో అన్నట్టు మళ్లీ అడిగింది. ఈసారి తల్లి ఇంకాస్త గట్టిగా చెప్పింది. తెలుసండీ, తనే నింపిందండీ.

మీరేమంటారని ముత్యాన్ని అడిగారు. రాత తనదే, సంతకం తనదే, మిగతాది తనకు తెలియదంది. ఆ మాట తన చెవికే దొంగ మాటలా వినిపించింది. షాపులో అలా చెప్పేవాళ్లను ఎంతమందిని చూసిందో. ఆఫీసరు అద్దాలు తీసి తుడుస్తూ ఉండిపోయాడు. ఆయన నమ్మాడు, కానీ నమ్మకాన్ని రాసుకునే గడి ఆ కాగితంలో లేదు.

మెట్లు దిగుతుంటే తల్లి వెనక నుంచి చెయ్యి పట్టుకోబోయింది. నిన్న పొద్దున అక్క నా కాళ్లు పట్టుకుందే, షాపు పోతే చచ్చిపోతానందే, నీకింకా వయసుంది, నీకు మళ్లీ సీటొస్తుంది, అక్కకు మళ్లీ షాపు రాదు, అంటూ ఒక్క ఊపిరిలో చెప్పింది. ముత్యం చెయ్యి విడిపించుకుంది. తిట్టలేదు. నిన్న పొద్దున్నే మీ అక్క ఈ మాటలు చెబితే రాత్రి నాకెందుకు చెప్పలేదని అడిగింది. చెప్పి ఉంటే ఫీజుకు గడువు అడుగుతూ వేరే దారి వెతుక్కునేదాన్నంది.

విశ్వవిద్యాలయానికి ఆమె ఉత్తరం రాసింది. గడువు పొడిగించలేమని, వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఇరవయ్యో తేదీ గడిచింది. ఆ సాయంత్రమే ముత్యం షాపు గోడ మీది నమూనా ఫారాన్ని నాలుగు మూలలా గోటితో లేపి, చిరగకుండా తీసింది. మడిచి సంచీలో పెట్టుకుంది. నాలుగు నోటుబుక్కులు, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సర్దుకుని పనిచేసే ఆడవాళ్ల హాస్టల్లో మంచానికి మారింది. నలుగురుండే గది, తలుపు పక్క మంచం. పెద్దమ్మ కౌంటరులోంచి చూసింది గానీ ఆగమనలేదు. "పెన్ను షాపుది, పెట్టి వెళ్లు," అంది. ముత్యం పెట్టింది.

ఇప్పుడామె బ్యాంకు మెట్ల కింద, ఒకప్పుడు టైపు కొట్టేవాళ్లు కూర్చునే చోట, చిన్న బల్ల వేసుకుంది. లోన్ల ఆఫీసరే అనుమతి ఇప్పించాడు. కుర్చీ కూడా లోపలిదే, ఒక కాలు పొట్టి. లైను వీధి దాటి ఇటు మళ్లడానికి వారం పట్టలేదు. అటువైపు షాపులో పచ్చ దీపం ఇక్కణ్నుంచి కనిపిస్తుంది. ఆ మిషన్ అప్పులో మిగిలిన వాయిదాలు ముత్యమే కడుతోంది. సగం తను కడతానని పెద్దమ్మ కబురు పంపింది, ఒక నెల కట్టింది కూడా. తర్వాత కబుర్లు ఆగాయి. అన్నీ సక్రమంగా సాగితే ఇంకో రెండేళ్లకు అప్పు తీరుతుంది. అప్పుడు మళ్లీ దరఖాస్తు. ప్రొఫెసరు సీటు మీద హామీ ఏమీ ఇవ్వలేదు గానీ, నోటుబుక్కులు ఆపవద్దని చీటీ పంపాడు. అయిదోది నడుస్తోంది.

బల్ల వెనక గోడకు ఆమె కొత్త నమూనా అంటించింది. అందులో పేరు లేని మనిషి, లేని వీధి, కుదరని తేదీలు. సంతకం గడి ఖాళీ. ఈ కాలంలో పదకొండు మంది సంతకం మరిచిపోయి ఫారాలు ఇచ్చారు. ముత్యం పదకొండు అడ్డగీతలు గీసింది. నమూనా మాత్రం మార్చలేదు.

మొన్నొక మధ్యాహ్నం లైనులో తల్లి నిలబడింది. ముందు ఇద్దరున్నారు, వాళ్ల పని అయ్యేదాకా ఆగింది. వంతు రాగానే బల్ల ముందు కూర్చుని, లాండ్రీ వాళ్లు ఇచ్చిన కాగితం తీసి ముందు పెట్టింది. పని మానేశాక వచ్చే సొమ్ముకు ఫారం. నాలుగు పేజీలు. చిక్కిపోయావంది తల్లి. ముత్యం తల వంచుకుని, ఎవరితోనైనా మాట్లాడినట్టే, పుట్టిన తేదీ అడిగింది. తన తల్లి పుట్టిన తేదీ ఆమెకు తెలియనిది కాదు.

నింపడం అయ్యాక కాగితం అందించలేదు. మొదటి లైను నుంచి చివరి దాకా పైకి చదివింది. ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి, తెలిసిందా అని అడిగింది. తెలిసిందంది తల్లి. మళ్లీ చదివింది, మళ్లీ అడిగింది. వెనకున్నవాళ్లు గొణిగారు. ముత్యం తొందరపడలేదు. నాలుగు పేజీలకూ అరగంట పట్టింది. చివరికి వచ్చేసరికి తల్లి తల మాత్రం ఊపుతోంది.

"ఊపితే కాదు. చెప్పాలి," అంది ముత్యం. "తెలిసిందా?"

"తెలిసిందే," అంది తల్లి.

"ఇక్కడ పెట్టు."

తల్లి పెన్ను పట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, మెల్లగా సంతకం చేసింది. ఇస్త్రీపెట్టె పిడి ఈసారి కాస్త వంకరగా వచ్చింది. ఎంత అని అడిగింది, చెంగు ముడి విప్పుతూ, వద్దంటుందేమోనని ఒక క్షణం చూస్తూ. ముత్యం అందరికీ చెప్పే ధరే చెప్పింది. డబ్బు తీసుకుంది, చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, తర్వాతి మనిషిని రమ్మంది.